పదహారో నిమిషం దాకా

బాలానగర్‌లోని ఆ చిన్న వర్క్‌షాపులో కల్పలత పని ఒక్కటే. లేత్ మిషన్ల మీంచి వచ్చే ఉక్కు రింగులను భూతద్దం కింద పెట్టి చూడాలి. బాగున్నవి ఒక ట్రేలో, బాగాలేనివి ఇంకో ట్రేలో వేయాలి. చిలకలగూడ నుంచి బస్సులో వచ్చి ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుంటోంది. వెంట్రుకలో సగమంత గీత కనబడినా ఆ రింగు వెనక్కి పోవాల్సిందే.

"అక్కా, గది సుత ఒక గీతనేనా? నాకైతే కనబడ్తలేదు" అని ఓనరు హరికిషన్ బతిమాలేవాడు.

"కనబడకుంటే అద్దాలు మార్చుకో సేట్" అనేది ఆమె.

ఆ రింగులు ఎక్కడికి పోతాయో ఆమెకు చాలాకాలం తెలియదు. ఒకరోజు హరికిషనే చెప్పాడు. అవి శ్రీహరికోటకు పోతున్నాయట, పెద్ద రాకెట్ పైభాగంలో ఉండే ఇంజిన్ వాల్వుల్లో బిగిస్తారట. ఆ రాకెట్ లేవడం ఒక్కసారి కళ్లారా చూడాలన్న కోరిక ఆమెకు ఆ రోజే పట్టుకుంది.

భర్త తుకారాం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. "టీవీల చూపిస్తరు గదనే. ఫ్యాన్ కింద కూసోని చూడరాదు?" అన్నాడు. ఆమె వినలేదు. శ్రీహరికోటలో జనం కూర్చుని రాకెట్ చూసే గ్యాలరీకి పాసుల కోసం ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేస్తుంటే ఆ పేజీ మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. నాలుగోసారికి పాసులు వచ్చాయి. ఇద్దరూ సికింద్రాబాద్‌లో రైలెక్కి, శ్రీహరికోటకు దగ్గరి స్టేషన్ సూళ్లూరుపేటలో దిగారు. స్టేషన్ బయట టీ కొట్టతను వాళ్ల చేతిలోని కాగితాలు చూసి, "ఇవాళ లేదంట సార్, వాయిదా. ఏదో వాల్వు లీకంట" అన్నాడు.

తుకారాం నెత్తి పట్టుకున్నాడు. "నేను చెప్తే విన్నవా?"

కల్పలత అప్పుడూ వినలేదు. వాల్వు అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

మర్నాడు వర్క్‌షాపులో ఎవరో, "అక్కా, నీ రింగే లీకైనట్టుంది" అని నవ్వారు. ఆమె నవ్వలేదు. ప్రతి బ్యాచ్ నుంచి నమూనాకని దాచిపెట్టిన రింగులను అల్మారాలోంచి తీసి, నాలుగు రోజులపాటు ఒక్కొక్కటే మళ్లీ చూసింది. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. అది ఆమెకు ఇంకా చిరాకు పుట్టించింది. దొరికితే ఇదీ సంగతి అని ఊరుకునేది.

"మనదే అని ఎవరన్నరు అక్కా? ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్" అన్నాడు హరికిషన్.

"మనది కాదని సుత ఎవరు అనలే గద!"

మూడు వారాల తర్వాత మళ్లీ పాసులు, మళ్లీ రైలు. ఈసారి గ్యాలరీ దాకా వెళ్లారు. సిమెంటు మెట్లు ఎండకు కాలిపోతున్నాయి. తుకారాం దారంతా గొణుగుతూనే వచ్చాడు, కూర్చున్నాక కూడా ఆపలేదు. మైకులో అంకెలు లెక్కపెట్టడం షురూ అయ్యేసరికి ముందు వరుసల వాళ్లంతా లేచి ఫోన్లు ఎత్తారు. కల్పలతకు వీపులు తప్ప ఏమీ కనబడలేదు.

"కూసోండయ్యా! జెర కూసోండి! ఎనకున్నోళ్లం మనుషులం కామా?" అని అరిచింది. ఒక్కరూ తిరిగి చూడలేదు.

చేసేదేం లేక పై మెట్టు అంచు మీదికి ఎక్కింది. పడకుండా తుకారాం ఆమె నడుము పట్టుకున్నాడు. చెట్ల మీదుగా రాకెట్ చప్పుడు లేకుండా లేచింది. కాసేపటికి చప్పుడు వచ్చి ఛాతీకి తగిలింది. సరిగా చూసేలోపే అది మబ్బులోకి పోయింది. జనం చప్పట్లు కొట్టి, ఈలలు వేసి, బస్సుల వైపు పరుగు తీశారు.

"అయిపోయింది, పా. సీట్లు దొరకవు" అన్నాడు తుకారాం.

"ఏడ అయింది? నా రింగులు ఇంక పని షురూ చెయ్యనే లేదు. పై ఇంజిన్ ఇప్పుడు మండుతది. పదహారు నిమిషాల దాకా ఆగాలన్నడు సేట్."

"గంత దూరం పోయినంక నీకేం కనబడ్తది?"

"కనబడది. మైకుల చెప్పేది వింట."

ఖాళీ అవుతున్న మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుంది. తుకారాం రెండుసార్లు గేటు దాకా వెళ్లి, తిట్టుకుంటూ రెండుసార్లూ తిరిగొచ్చి, చివరికి ఆమె పక్కన కూలబడ్డాడు. మైకులోని ఇంగ్లీషు ఆమెకు చాలావరకు అర్థం కాలేదు. ఒక్క 'నార్మల్' మాత్రం తెలుసు. అది తన రిపోర్టుల్లో తాను రోజూ రాసే మాటే. పై ఇంజిన్ మండిందన్నారు, నార్మల్. మళ్లీ నార్మల్. పదహారో నిమిషం దాటాక ఇంజిన్ ఆగిందని, ఉపగ్రహం విడిపోయిందని చెప్పారు. కల్పలత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మన రింగులల్ల తప్పు లేదయ్యా" అంది మెల్లగా.

"ఉన్నదని నేనెప్పుడన్న?" అన్నాడు తుకారాం. నీళ్ల సీసా ఆమె చేతికిచ్చాడు.

బస్సులు వెళ్లిపోయాయి. సగం దూరం నడిచి, మిగతా సగం కిక్కిరిసిన ఆటోలో వెళ్లి రైలందుకున్నారు. దారి పొడుగునా తుకారాం ఆర్టీసీ అయితే జనాన్ని ఎట్లా చేరవేసేదో చెబుతూనే ఉన్నాడు.

సోమవారం హరికిషన్ ఉత్సాహంగా ఎదురొచ్చాడు. "ఎట్లుండె అక్కా రాకెట్టు?"

"రాకెట్టు మంచిగనే పోయింది సేట్" అంది కల్పలత, బ్యాగు మేకుకు తగిలిస్తూ. "మనుషులే, ఎంత మొత్తుకున్నా ఒక్కడు కూసోలే."