పేరు లేని గాజుపలక

నిన్న మా అమ్మాయి గోళ్లరంగు తుడుచుకుంటుంటే ఆ మందు ఘాటు బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాటంతా వ్యాపించింది. వన్-నార్త్ ఆఫీసుల పేటలో మెహరున్నీసా గారి గదిలోనూ అలాంటి ఘాటే ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చిన రోజులవి. ఒక ప్రయోగశాలలో ప్రోగ్రాములు రాసే పనికి చేరాను. అక్కడ ఆవిడే నా పైఅధికారి. హైదరాబాదు మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. ఆడవాళ్ల గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాలను గాజుపలకల మీద చూసి క్యాన్సర్ జాడ చెప్పడం ఆవిడ పని.

తెరలు దించిన ఆ గదిలో పట్టపగలే చీకటి. ఆవిడ మైక్రోస్కోపు మీద వంగి పలకలతో మాట్లాడేవారు. "నువ్వు మంచిగున్నవ్ బేటీ, పో." ఎదురుగా ఎవరూ ఉండరు. పలక మీద అంకె మాత్రమే ఉంటుంది, పేర్లన్నీ నా కంప్యూటర్‌లో ఉంటాయి. కొన్నాళ్లకు అలవాటైందని చెబితే అబద్ధమే.

పన్నెండేళ్ల మా అమ్మాయికి ఆ జబ్బు రాకుండా టీకా వేయించమని ఆవిడ నా వెంటపడ్డారు.

"పెళ్లి కుదిరాక వేయిద్దామంటున్నారండీ మా అత్తగారు. మగవాళ్ల వల్ల అంటుకునే జబ్బుకి చిన్నపిల్లకి సూదేంటి? నలుగురూ ఏమనుకుంటారు? మాది నిప్పులాంటి కుటుంబం మేడమ్" అన్నాను.

అత్తగారి పేరు చెప్పానే గానీ ఆ భయం నాదే. టీకా ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడితే నా బిడ్డను నేనే అనుమానించినట్టు అనిపించేది.

"ఇల్లు అంటుకున్నాక బాయి తవ్వుతరా?" అని నవ్వి మళ్లీ పలక మీదికి వంగారు.

ఒక మధ్యాహ్నం ఆ గొణుగుడు ఆగిపోయింది. "అయ్యో బేటీ, ఇన్ని దినాలు ఏడికి పోయినవ్?" అని పలకను అడిగారు. తర్వాత క్యాన్సరేనంటూ నాకు అంకె చెప్పారు. కంప్యూటర్‌లో కొట్టాను. ఆవిడ పేరే వచ్చింది. అందరి పలకలూ చూసే మనిషి ఏళ్లతరబడి తన పరీక్ష వాయిదా వేసి, చివరికి ఏదో క్లినిక్‌లో ఇచ్చిన నమూనా తిరిగి తిరిగి తన చేతికే వచ్చింది. ఆవిడ నా వెనక నిలబడి పేరు చదివారు.

"పేరు చూసి రిపోర్టు మారుస్తమా? ఇంకొకరితోని చూపించి పంపు."

కాసేపటికి మెల్లగా అన్నారు. "జిందగి మొత్తంల మా ఆయనొక్కడే నాకు. నేను గూడ నిప్పునే బేటీ."

అంత చూసి కూడా నేను సంతకం పెట్టలేదు. ఇవాళ, రేపు అంటూ ఏడాది గడిపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆస్పత్రి మంచం మీద ఎముకలగూడై ఉన్న ఆవిడ నన్ను ఒక్కటే అడిగారు.

"బిడ్డకు వేయించినవా?"

"వేయించాను మేడమ్."

రెప్ప వేయకుండా చాలాసేపు నా ముఖంలోకి చూశారు.

"మంచిగ చేసినవ్. మిగిలిన డోసులు మరువకు."

మర్నాడు అమ్మాయిని క్లినిక్‌కు లాక్కెళ్లాను. "ఎందుకంత సడన్‌గా మా? ఇవాళ స్కూల్లో టెస్ట్ ఉంది లా!" అని ఇక్కడి పిల్లల యాసలో గునిసింది. అత్తగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. డోసులన్నీ గడువు తప్పకుండా వేయించాను. రెండోది వేయించే నాటికే మెహరున్నీసా గారు లేరు. నా మాటను నేను నిజం చేసుకోగలిగాను. కానీ ఆవిడ విన్నప్పుడు అది అబద్ధం, ఆ సంగతి ఆవిడకు తెలుసు.