జపాన్ ఆంటీ తిప్పిపెట్టిన చెప్పులు

ఒరేయ్, ఇక్కడ గల్ఫ్‌లో, అబూ హమూర్‌లో మనం పెరిగిన ఇళ్ల కాంపౌండ్ కూల్చేస్తున్నారు. ఆ దుమ్ము చూసినప్పటి నుంచి కుదురుగా ఉండలేకపోతున్నాను.

ఎదురు వరసలో జపాన్ కుటుంబాలు ఉండేవి, గుర్తుందా? మనం చెప్పులు గుమ్మంలో విసిరేసి లోపలికి పరిగెడితే, యూకో ఆంటీ వాటిని జతలుగా సర్ది, వెళ్లేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా బయటివైపు తిప్పిపెట్టేది.

వాళ్ల ఫొటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని వారం రోజులుగా అందరినీ అడుగుతున్నాను. అక్కడ కాపలా ఉన్న కరీంనగర్ అతను, "నేనొచ్చి పదేండ్లాయె, జపానోళ్లు ఉన్నరని ఎవ్వలు చెప్పలే సార్" అని తేల్చేశాడు.

ఒళ్లు మండి ఇంటికొచ్చి, చెప్పులు విసిరేశాను. అమ్మ వంగి వాటిని బయటివైపు తిప్పిపెట్టింది.

"ఇదెవరు నేర్పారమ్మా నీకు?"

"ఒకరు నేర్పడమేంట్రా? మనింట్లో ఎప్పుడూ ఇంతేగా!"