సర్వీసు రిజిస్టరులో జ్వరం

దయతో ఆడిన అబద్ధానికి దోషం లేదని చాలామంది నమ్ముతారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే ఆ దయ ఎవరి మీద అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. విజయవాడలో కాలువ లాకుల అజమాయిషీ చూసే ఒక సర్కారు ఆఫీసులో హెడ్ గుమస్తాగా పనిచేసిన సంజీవరావు, ఆ ప్రశ్నను రెండున్నరేళ్ళు ఆలస్యంగా వేసుకున్నాడు.

కాపురం భవానీపురంలో. సర్వీసు ముప్పై మూడేళ్ళు. ఆయన దస్తూరీని పైఆఫీసువాళ్ళు కూడా మెచ్చుకునేవారు. ఆయన చేరకముందు నుంచే ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. లాకు తలుపులు ఎత్తి దించే లస్కరుకు పనిలో దెబ్బ తగిలితే, ప్రమాదమని పైకి రాయరు. రాస్తే విచారణ వస్తుంది, ఓవర్సీరు మొదలు అందరూ సంజాయిషీ చెప్పుకోవాలి, అది తేలేదాకా లస్కరు జీతం ఆగుతుంది. అందుకని సెలవుకు కారణం జ్వరమని రాసేవారు. అందరూ దానిని ఉపకారమనే అనుకునేవారు.

1972 వర్షాకాలంలో రత్తయ్య అనే లస్కరు తలుపు ఎత్తుతుండగా పళ్ళచక్రం పట్టు జారింది. ఇనుప హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి అతని కుడి మణికట్టును నుజ్జు చేసింది. అతను ఇంట్లో ఉన్న రెండు నెలలకూ సంజీవరావు జ్వరమని రాశాడు. రత్తయ్య భార్య మణెమ్మ తాటాకు బుట్టలో రెండు కొరమీనులు తెచ్చి, ఆయన గుమ్మంలో పెట్టి, దండం పెట్టి వెళ్ళింది. ఆయన భార్య సంపూర్ణమ్మ వాటిని పులుసు పెట్టింది.

చేయి అతుక్కుంది గాని పట్టు రాలేదు. తోటి లస్కర్లు అతని వంతు పని తామే చేస్తూ రెండేళ్ళకు పైగా నెట్టుకొచ్చారు. 1975 మొదట్లో కొత్తగా వచ్చిన ఇంజనీరు అది గమనించి, రత్తయ్యను మెడికల్ బోర్డుకు పంపించాడు. ఇక ఉద్యోగానికి పనికిరాడని బోర్డు తేల్చింది. పింఛను కాగితాలు తయారుచేసే పని సంజీవరావు బల్ల మీదికి వచ్చింది.

నిబంధనలో సందేహం లేదు. జబ్బువల్ల అశక్తుడైనవాడికి నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు నిండి ఉండాలి. నిండకపోతే ఒక్కసారి కొంత చేతిలో పెట్టి పంపేస్తారు. డ్యూటీలో తగిలిన గాయమైతే ఆ గడువు లేదు, బతికున్నన్నాళ్ళూ పింఛనే. రత్తయ్య పర్మనెంటై ఏడేళ్ళే అయింది. సంజీవరావు అతని సర్వీసు రిజిస్టరు తెరిచాడు. గాయం మాట ఎక్కడా లేదు. తన చక్కని దస్తూరీలో జ్వరం ఉంది.

ఆ మధ్యాహ్నం వచ్చిన దంపతులకు ఆయన సంగతి చెప్పాడు. రత్తయ్య వంకర తిరిగిన చేతిని బల్ల మీద పెట్టి నవ్వాడు.

“పోనీ, జ్వరం ఈ చేతికే వచ్చిందని రాయండి బాబుగారూ. అప్పట్లో కాలిపోతా ఉండేది గదా!”

మణెమ్మ నవ్వలేదు. “నువ్వూరుకో. ఏవండీ గుమస్తాగారూ, జ్వరమొచ్చినోళ్ళకి పెద్దాసుపత్రిలో పిండికట్టు వేస్తారా? చీటీ నా దగ్గరుంది, తారీఖుతో సహా.”

“చీటీ ఒక్కటే చాలదమ్మా. ఆ దెబ్బ లాకు దగ్గరే తగిలిందని ఆఫీసు చెప్పాలి.”

“ఆఫీసంటే ఎవరండీ? మీరు కాదా?”

ఆయన సోమవారం రమ్మన్నాడు. మెట్లు దిగుతూ రత్తయ్య భార్యను కసరడం వినిపించింది: “ఆయన్ని నిలదీస్తావేంటే? ఆ రోజు మన జీతం నిలబెట్టింది ఆయనే గదా!” మణెమ్మ ప్రశ్నకంటె ఈ కృతజ్ఞతే ఆయనకు లోతుగా గుచ్చుకుంది.

పక్క బల్ల గుమస్తా బసవపున్నయ్య కుర్చీ దగ్గరికి జరిపాడు. “మార్జిన్లో చోటుంది కదండీ. పాత తారీఖు వేసి ‘లాకు వద్ద గాయం’ అని ఒక్క ముక్క ఇరికించండి.”

“నిజం రాయడానికి దొంగ తారీఖా, పున్నయ్యా?”

“ఆఫీసులో నిజానికైనా తారీఖు ఉండాలండీ. నవంబరులో మీరూ పింఛను కాగితం పెట్టుకోవాలి. కావాలనే తప్పు రాశానని ఒప్పుకుంటే మీకెవడిస్తాడు? ఆఖర్న ఈ తగలాటం ఎందుకండీ?”

ఆదివారం చర్చిలో సంజీవరావు సంఘమంతటితో గొంతు కలిపి పాపపు ఒప్పుకోలు చదివాడు. చిన్ననాటి నుంచి చదువుతున్నదే. అందరితో కలిసి ఒప్పుకోవడం తేలిక. అందులో తారీఖు ఉండదు, లస్కరు పేరు ఉండదు. ఇంటికి వచ్చి తనను తాను విచారించుకున్నాడు. ఆనాడు కలం పట్టుకున్నప్పుడు ముందుగా మనసులో మెదిలింది రత్తయ్య జీతమా, ఓవర్సీరు చిరాకా, విచారణకు నకళ్ళు రాయవలసిన తన శ్రమా? నిక్కచ్చిగా చూసుకుంటే జీతం మూడోది. దయ అన్న మాట తర్వాత, కొరమీనులతోపాటు వచ్చింది. మార్జిన్లో ముక్క ఇరికించినా చేసేది మళ్ళీ అదే: రత్తయ్య పేరు చెప్పి తనను కాపాడుకోవడం. పైగా ఆ మోసం బయటపడితే రత్తయ్య కూడా మునుగుతాడు. తాను రాసిన జ్వరం అదొక్కటే కాదని కూడా ఆయనకు తెలుసు.

భార్యకు అంతా చెప్పాడు. సంపూర్ణమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది.

“మనకి గడవడం కష్టమేనండీ,” అంది. “కానీ ఆ పులుసు నేనూ తిన్నాను గదా. రాయండి.”

ఆయనను గొప్పవాడనడానికి తొందరపడనక్కరలేదు. వ్యవహారం మెడికల్ బోర్డు దాకా రాకపోతే ఆ నమోదును ఆయన తిరిగి చూసేవాడు కాదు. రత్తయ్యకు ఏడాది తర్వాత గాయం పింఛను మంజూరైంది. సంజీవరావు మీద విచారణ ఆయన రిటైరైన తర్వాత కూడా సాగి, చివరకు ఆయన పింఛనులో శాశ్వతంగా కోత పెట్టింది.

సోమవారం ఆయన చేసిన పని ఇది. ఒక తెల్లకాగితం మీద, రత్తయ్య సెలవుకు కారణం జ్వరం కాదనీ, లాకు వద్ద డ్యూటీలో తగిలిన గాయమనీ, అది తెలిసే తాను తప్పుగా రాశాననీ రాశాడు. ఆ సోమవారం తారీఖే వేసి సంతకం చేశాడు. మణెమ్మ తెచ్చిన చీటీ జతచేశాడు. ఇంజనీరు గదిలోకి వెళ్ళబోయి మళ్ళీ కూర్చుని, అదే విధంగా తాను జ్వరమని రాసిన మరో నలుగురు లస్కర్ల పేర్లు సంతకం కింద చేర్చి, మళ్ళీ సంతకం చేసి, తీసుకెళ్ళి ఇచ్చాడు.