పడవ రంగు పూసిన ఇంజను

మొన్న మా అల్లుడు కొత్త కారు కొని, మామగారికి చూపించాలని మా పోర్ట్ బ్లెయిర్‌లోనే గోల్ ఘర్ నుంచి డిగ్నాబాద్‌లో మా ఇంటిదాకా తీసుకొచ్చాడు. అలవాటు కొద్దీ ఇంజను చూపించమన్నాను. ముందు మూత ఎత్తితే లోపల ఇంకో మూత ఉంది, నల్లటి ప్లాస్టిక్‌ది. ఇంజను దాని కింద ఉందట, మనం చూడవలసిన పని లేదట. బాగుంది బాబూ అన్నాను గానీ, అతను వెళ్ళాక వరండాలో కూర్చుని పాత రోజుల్లోకి వెళ్ళిపోయాను.

మా నాన్నగారి కారుకు ఇంజను వెనక ఉండేది. గుండ్రటి వీపు చూసి ఊరంతా దాన్ని తాబేలు అనేవారు. ఆ బండికి నీళ్ళు పోసే పనే లేదు. సిలిండర్ల చుట్టూ పలుచటి లోహపు రెక్కలుంటాయి, వాటి సందుల్లోంచి ఫ్యాను గాలి తోలితే ఆ గాలికే ఇంజను చల్లబడుతుంది. వేసవిలో కుళాయిల దగ్గర బిందెల వరసలు తప్పని పోర్ట్ బ్లెయిర్‌కు ఇదే తగిన బండి అని నాన్నగారు మురిసిపోయేవారు. ఆయన జెట్టీలకు రాయీ కలపా సరఫరా చేసిన కంట్రాక్టరు. గోల్ ఘర్‌లో మా మేడ ముందు ఆ కారు ఆగితే ఎదుటి దుకాణాల్లో వాళ్ళు లేచి నిలబడేవారు. గొప్పకు చెప్పడం లేదు, చూసినవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఆయన పోయాక కంట్రాక్టులు పోయాయి, మేడ పోయింది. డిగ్నాబాద్‌లో రెండు గదుల ఇంటికి పొగలు కక్కుకుంటూ వచ్చి ఆగిన ఆ కారు మళ్ళీ కదలలేదు. దాని మీద టార్పాలిన్ కప్పాం.

అమ్మ కూడా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి గేటు దాటలేదు. ఎవరైనా వస్తే మర్యాద చేసేది, తను మాత్రం ఎవరింటికీ వెళ్ళేది కాదు. అలా ఏళ్ళు గడిచాక, చౌల్దారీలో పొలం చేసుకుంటున్న మా పిన్ని వానల్లో గట్టు మీద జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు. అక్కను ఒకసారి చూడాలని ఉందని కబురు మీద కబురు పంపేది. బస్సులో వెళ్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.

"కంట్రాక్టరుగారి భార్య బస్సులో చువ్వ పట్టుకు వేలాడిందని అనిపించుకోనా నాయనా? మీ నాన్నగారి బండి లేస్తే వస్తాను."

అద్దె బండి మాటెత్తినా అదే జవాబు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోవాలంటే పెరట్లో ఉన్న ఆ ఇంజను లేవాలి, అంతే.

అప్పటికి నేను హార్బరు ఆఫీసులో గుమాస్తాని, జన్మలో స్పానరు పట్టి ఎరగను. ఊళ్ళో మెకానిక్కులు అలాంటి బండి మీద చెయ్యి వేయడానికి వెనకాడారు, పైగా మా ఇంటి వస్తువు బజారులో విప్పి పడేసి ఉండటం నాకూ ఇష్టం లేకపోయింది. కారుతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. నాలుగు బోల్టులు విప్పితే ఇంజను కిందికి దిగుతుందని రాశారు గానీ, ఆ పుస్తకం రాసిన దొరకు మన ఉప్పుగాలి సంగతి తెలియదు. ఆ తుప్పును కదిలించడానికే ఎన్నో ఆదివారాలు పట్టాయి. చివరికి పాత టైరు మీదకు ఇంజనును దించిన రోజు, నాకు నేనే పెద్ద ఇంజనీరులా కనిపించాను. కొత్తగా వేయవలసిన రింగులు, గాస్కెట్లు మద్రాసు నుంచి ఓడలో రావాలి, ఆ రోజుల్లో ఓడ రాక మన చేతిలో ఉండేది కాదని మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు.

విప్పిన సామాన్లను కిరసనాయిలుతో కడిగి పాత పేపర్ల మీద పరుస్తుంటే, అమ్మ లోపలి నుంచి పెద్ద ఇత్తడి పళ్ళాలు తెచ్చింది. మేడ రోజుల్లో విందులకు లడ్డూలు పేర్చిన పళ్ళాలవి, ఎవరికీ అమ్మకుండా దాచుకుంది. వద్దంటే వినలేదు. మీ నాన్నగారి వస్తువు నేల మీదా, అని ఒక్కో సిలిండరు తాలూకు సామాను ఒక్కో పళ్ళెంలో సర్దింది. వాల్వులు నూరడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. సన్నటి ఇసుకలాంటి పేస్టు పూసి, వాల్వుకు బిగించిన కర్రను అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ సందు లేకుండా కూర్చునేదాకా దాని గూట్లో నూరాలి. నా అవస్థ వంటింటి కిటికీలోంచి చూసి చూసి, కవ్వం అలాగా పట్టేది అంటూ వచ్చి పీట వేసుకు కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా గాజులు చప్పుడవుతుండగా ఆవిడే నూరింది. నాన్నగారు పోయాక అమ్మ కూనిరాగం తీయగా విన్నది ఆ రోజే.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మన దీవుల్లో ఇనుము కనిపిస్తే రంగు వేయడం మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, ఒక్క వానకాలం వదిలేస్తే గేటు కూడా మిగలదు. మా పక్కింటాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకారుడు. అంతవరకు మాకు ఎదురుపడితే తల ఊపే పరిచయమే. నేను అడగకుండానే, పడవకు వేయగా మిగిలిన బూడిదరంగు డబ్బా గోడ మీద పెట్టి వెళ్ళాడు. ఉప్పుకు లొంగని చిక్కటి రంగు. సిలిండర్లకు కోటు మీద కోటు వేశాను. ఇంజను వెండి గిన్నెలా మెరిసింది.

ఓడలో సామాను వచ్చాక అంతా బిగించి తాళం తిప్పితే స్టార్టు అయింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ముందు ఒక్కడినే నడిపి చూసి వస్తానని బయలుదేరాను. తిరుగు ప్రయాణంలో ఎత్తు ఎక్కుతుండగా మాడు వాసన వచ్చింది, తరవాత పొగ, ఆ తరవాత ఇంజను బిగుసుకుని ఆగింది. వేటనుంచి వస్తున్న పక్కింటాయన, ఆయన మనుషులు బుట్టలు దించి చుట్టూ చేరారు. నేను దిగబోయాను.

"దిగకు భయ్యా. స్టీరింగు నువ్వు సూసుకో, ధక్కా మాది," అన్నాడు పక్కింటాయన.

హైలెస్సా అని పడవ లాగినట్టే తోశారు. ఎవరో వెనక నుంచి రాజుగారు ఊరేగుతున్నారని నవ్వారు. నేను వెన్ను నిటారుగా పెట్టి, ఎటూ చూడకుండా కూర్చున్నాను.

మా ఇంటి గేటు వీధిలోకి తెరుచుకునేది. మనుషులు చెమటలు కక్కుతూ బండిని అంతదూరం తెచ్చి, మూసిన గేటు ముందు ఆగారు. అమ్మ ఒక్క క్షణం చూసింది. గడియ తీసి, రెక్క పట్టుకుని, దాన్ని పూర్తిగా తెరవడానికి వీధిలోకి వచ్చేసింది. రెండో రెక్క పక్కింటావిడ పట్టుకుంది. బండి లోపలికి వెళ్ళాక కూడా అమ్మ వెనక్కి రాలేదు. మా ఇంటికి శ్రమపడి వచ్చినవాళ్ళు టీ తాగకుండా వెళ్ళడం ఎప్పుడూ లేదని అందరినీ ఆపి, వీధి అరుగు మీద కూర్చోబెట్టి, తనే గ్లాసులు అందించింది. మాటల్లో పిన్ని సంగతి వచ్చింది.

"సౌల్దారీకా పెద్దమ్మా? రేపు నానూ అటే ఎల్తన్నాను. పొద్దున్న బస్సుకి రా, సీటు నాను పడతాను," అంది పక్కింటావిడ.

మా అమ్మను రా, పో అన్న బయటివాళ్ళు అంతవరకు లేరు. నేను ఉలిక్కిపడ్డాను గానీ, అమ్మ మాత్రం బస్సు ఎన్నింటికని అడిగింది.

మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్ళింది. నేను సెలవు పెట్టి ఇంజను దించాను. రెక్కల సందులన్నీ రంగుతో పూడిపోయి, గాలి పోయే దారే లేదు. పుల్లతో గీకుతుంటే, ఇంజనుకి చొక్కా మీద చొక్కా తొడిగేసినావని పక్కింటాయన గోడ మీంచి నవ్వాడు. నేనూ నవ్వాను. సాయంత్రం అమ్మ ఏడ్చిన కళ్ళతో, వెలుగుతున్న ముఖంతో వచ్చింది. పిన్ని తన చెయ్యి వదలలేదట, మళ్ళీ వారం వస్తానని అమ్మే మాట ఇచ్చి వచ్చిందట.

"ఎన్నిసార్లు వెళ్ళానో ఆ దారిన. వెనక సీట్లో కూర్చుని ఎప్పుడూ మీ నాన్నగారి తలే చూశాను. దారి ఇవాళే చూశాను," అంది.

రంగంతా వదిలించి బిగించాక తాబేలు చక్కగానే నడిచింది. చౌల్దారీ వెళ్ళినప్పుడల్లా అమ్మ పక్కింటావిడనూ, ఆవిడ చేపల బుట్టనూ ఎక్కించుకునేది. పిన్ని పోయేదాకా ఆ ప్రయాణాలు ఆగలేదు.

ఇప్పుడు మా వీధిలో ఇంటికో కారు. ఏదైనా ఆగితే ఫోను చేస్తారు, పెద్ద బండి వచ్చి మోసుకుపోతుంది, మంచి సౌకర్యమే. ఎవరికీ చెమట పట్టదు, ఎవరూ నవ్వరు. మర్యాదకైనా ఒక గ్లాసు టీ ఇవ్వవలసినంత పని ఒకరితో ఒకరికి పడటం లేదు. నా వయసు వాళ్ళు ఎందరో కిటికీల వెనక నుంచి వీధిని చూస్తూ కూర్చుంటున్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.