ఎర్రచుక్క మీద రెండు పూతలు

అదే చెబుతున్నాను, ఆ లైల్ హోఫ్‌స్ట్రా సంగతే. మా హార్లన్ క్రీక్ విమానాల మ్యూజియానికి ఆయనగారే అధ్యక్షుడు. ఆరో తరగతి నా దగ్గరే చదివాడు. పటంలో పసిఫిక్ మహాసముద్రానికి ఆకుపచ్చ రంగేసి, "ఎవరు చూస్తారు టీచర్?" అన్న ఘనుడు. ఇప్పుడు ఒంటినిండా బిళ్ళలు కుట్టిన పైలట్ కోటు వేసుకుని తిరుగుతాడు. నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే మాత్రం కళ్ళు తిరుగుతాయి.

మ్యూజియంలో ఉన్నదే ఒక్క యుద్ధవిమానం. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్‌లో పోరాడిన పైలట్ డ్యూయీ ప్రూయిట్ పేరు మీద ఆయన భార్య బెర్నడీన్ కొని ఇచ్చింది. డ్యూయీ పోయి నాలుగేళ్ళు. లైల్ దానికి కొత్త రంగులు వేయించి గుడ్డ కప్పాడు. ఈ శనివారం ఆవిష్కరణలో ఆ గుడ్డ లాగేది బెర్నడీనే.

ఇక ఆర్విల్ ట్వేట్. డెబ్బై తొమ్మిదేళ్ళవాడు. యుద్ధంలో ఒక దీవిలో విమానాల మీద గుర్తులు వేసేవాడు. తిరిగొచ్చాక మా ఊళ్ళో కంచెలు, పడవలు, మా బడి బల్లలు, అన్నిటికీ అతనే రంగు వేశాడు. ఏది వేసినా రెండు పూతలు. ఉత్తరాల డబ్బాకి కూడా రెండే. "రెండు పూతల ఆర్విల్" అని ఊరంతా నవ్వింది. చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

నిన్న మంగళవారం నన్ను తోడు తీసుకుని విమానం చూడటానికి వెళ్ళాడు. లైల్ గొప్పగా గుడ్డ ఎత్తి చూపించాడు. ఎడమ రెక్క మీద మన సైన్యం గుర్తు: నీలం వృత్తం, అందులో తెల్ల నక్షత్రం, రెండు పక్కలా తెల్ల పట్టీలు. నక్షత్రం నడుమ పళ్ళెమంత ఎర్రచుక్క.

ఆర్విల్ మొహం పాలిపోయింది. "ఈ చుక్క ఎవడు వెయ్యమన్నాడు?"

"నేనే. అదిరిపోలా, పెద్దాయనా?"

"జపాను వాళ్ళ గుర్తూ ఎర్ర సూర్యుడేనయ్యా. ఎరుపు కనిపిస్తే మనవాళ్ళే మనవాళ్ళని కాల్చేస్తున్నారని మన నక్షత్రంలోని చుక్కని నలభై రెండు మేలో తీయించేశారు. ఈ పట్టీలొచ్చింది ఆ మరుసటేడు. రెండూ కలిసి ఏ విమానం మీదా లేవు."

"అబ్బ, ఎవరు చూస్తారు? ఎరుపైతే ఫొటోలో మెరుస్తుంది. శనివారం అమ్మే టోపీల మీద కూడా అదే కుట్టించాం."

"ఒరేయ్ లైల్," అన్నాను, "సముద్రం రంగప్పుడూ ఇదే మాటన్నావు. నలభై ఏళ్ళలో కోటు పెరిగింది గానీ బుర్ర పెరగలేదురా."

"టీచర్, మీరింకా అక్కడే ఉన్నారా?" అని ఇకిలించి, ఆర్విల్ వైపు తిరిగాడు. "పనేం లేకపోతే ఇంటికెళ్ళి మీ గోడకి మూడో పూత వేసుకో."

ఆర్విల్ నన్ను తీసుకుని బయటికి నడిచాడు. కారులో కూర్చున్నాక చెప్పాడు.

ఆ మే నెలలో ఉత్తర్వు రాగానే ఒక్కరోజులో పదకొండు విమానాల ఎర్రచుక్కల మీద తెలుపు వేయాల్సొచ్చింది. చివరిది డ్యూయీది. వాన ముంచుకొస్తోంది. దాని ఎడమ రెక్కకి ఒక్క పూతే వేసి, సరిపోతుందిలే అనుకున్నాడు. రెండు రోజుల ఎండకీ తేమకీ కింది ఎరుపు పైకి తేలి గులాబీ రంగయింది. డ్యూయీ తిరిగొస్తుంటే మన ఓడ మీంచే కాల్చారు. ప్రాణం దక్కింది గానీ ఎడమ చెయ్యి మళ్ళీ లేవలేదు.

"వాడికి చెప్పలేకపోయాను టీచరమ్మా. ఆ ఒంటిచేత్తోనే యాభై ఏళ్ళు నాకు సిగరెట్టు వెలిగించి ఇచ్చాడు. ఇప్పుడు వాడి పేరు మీదున్న విమానానికి అదే ఎడమ రెక్క మీద అదే ఎరుపు పెట్టి, గుడ్డ బెర్నడీన్ చేత లాగిస్తారా?"

"ఆవిడకి చెప్పేద్దామా?"

"చెబుతాను. తర్వాత నా మొహం చూడకపోయినా సరే. నువ్వు పిలువు."

విమానం ఇచ్చింది బెర్నడీన్. ఆవిడ కన్నెర్రజేస్తే లైల్ టోపీలన్నీ తనే పెట్టుకోవాలి. ఆ చుక్క చెరపడానికి ఆర్విల్ బ్రష్షులు నానబెట్టి ఉంచాడు. రెండు పూతలూ ఆరాలంటే మొదటిది రేపు పొద్దున్నే పడాలి. చెర్రీ పళ్ళ పిండివంట పొయ్యిలో ఉంది, ఆర్విల్ ఇవాళ నాలుగింటికి వస్తాడు. లైల్ గురించి ఇంకా బోలెడుంది గానీ, ముందు బెర్నడీన్‌కి ఫోన్ చేయాలి. నేను చెప్పేది ఒక్కటే, మా ఇంటికి కాఫీకి రమ్మని. మిగతాది ఆర్విల్ నోటే వినాలి.