రెండు మోడ్‌లలోనూ లేచిన కంప్యూటర్

కోర్టు ఎదుటి వీధిలో వకీళ్లకు కాగితాలు టైపు చేసిపెట్టే ఆమెకు కుడి చెవి సరిగా వినపడదు. పెళ్లయిన మొదటి ఏడాదిలోనే కర్ణభేరి చిరిగింది. ఆసుపత్రి చీటీలో 'జారిపడుట' అని ఉంది. ఆ అబద్ధాన్ని చెప్పినవాడు భర్త, రాసినవాడు వైద్యుడు. నమ్మినట్టు నటించినది తక్కిన మనమందరమూ.

భర్త కంప్యూటర్ మెకానిక్కు. బజారులో అతడంత మర్యాదస్తుడు లేడని పేరు. ఇంట్లో ఆమె టైపు పనికి పాత కంప్యూటర్ ఒకటి అమర్చిపెట్టినదీ అతడే. ఆమె ఎదురు చెప్పిన మరునాడో, పుట్టింటికి ఫోను చేసిన మరునాడో అది లేచేది కాదు. తెర నీలంగా మారి, నాలుగు వరుసల తెల్లటి అక్షరాలు చూపి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ నీలంగా మారేది. అతడు ఆమె జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టేవాడు. ఏం నొక్కావో చెప్పమనేవాడు. ఏదో ఒకటి ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు గనుక ఆమె ఒప్పుకునేది. అప్పుడు ఆమెను గది బయటకు పంపి, రెండు నిమిషాల్లో బాగుచేసి, ఇంటిల్లిపాదికీ వినపడేలా నిట్టూర్చేవాడు.

"నీ చెయ్యి పడితే బండరాయి కూడా పగుల్తుందే" అనేవాడు. అత్తగారు ఆ మాటను ఇరుగుపొరుగుకు నవ్వుతూ చేరవేసేది. మూడేళ్లలో పదకొండుసార్లు ఇలా జరిగింది. చివరకు ఆమే నమ్మింది. మంచినీళ్ల గ్లాసును కూడా రెండు చేతులతో పట్టుకునేది.

అతడు పని మీద పొరుగూరు వెళ్లిన రోజున మరోసారి తెర నీలమైంది. ఒక వకీలుకు అప్పీలు కాగితాలు ఆ సాయంత్రమే ఇవ్వాలి. ఆమె కంప్యూటర్ పెట్టెను సంచిలో పెట్టుకుని, భర్తను ఎరగని వీధిలో ఉన్న ఒక ముసలి మెకానిక్కు దగ్గరకు మోసుకుపోయింది. ఆయన ఏమీ అడగకముందే తప్పు తనదేనని చెప్పుకుంది.

ముసలాయన కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, మూడు తెరలు దాటి, ఒక వరుస దగ్గర ఆగాడు.

"హార్డ్ డిస్క్ నిక్షేపంలా ఉందమ్మా. దాన్ని నడిపే మోడ్ ఎవరో మార్చారు. ఇందులో ఒక మోడ్‌కే డ్రైవర్, అంటే డిస్కును గుర్తుపట్టే ప్రోగ్రాం, ఉంది. రెండోదానికి మారిస్తే, లేచేటప్పుడు డిస్కు కనపడక చతికిలపడుతుంది. అంతే."

"నా చెయ్యి తగిలి మారిందేమో, బాబాయ్."

"తగిలితే మారేది కాదిది. ఇంత లోపలికొచ్చి, ఎంచుకుని, సేవ్ చెయ్యాలి. తెలిసినవాడి పని."

మోడ్ ఎటు మార్చినా లేచేలా చెయ్యగలరా అని ఆమె అడిగింది. ఆయన పాత మోడ్‌లో పెట్టి లేపి, రెండో మోడ్ డ్రైవర్ కూడా ఎక్కించి, ఆన్ కాగానే రెండూ సిద్ధంగా ఉండేలా అమర్చాడు. అటొకసారి, ఇటొకసారి మార్పించి ఆమె చేతనే లేపించాడు. కాగితాలు గడువులోగా వకీలుకు చేరాయి.

వారం తర్వాత ఆమె, ఒక వకీలు ఆఫీసులో ఉద్యోగానికి ఒప్పుకున్నానని ఇంట్లో చెప్పింది. మరునాటి ఉదయం భర్త ఆమె కుర్చీ వెనుక నిలబడి ఆన్ చెయ్యమన్నాడు. మోడ్ ముందే మార్చిపెట్టాడు; బెల్టు కూడా ముందే చేతికి చుట్టుకున్నాడు. కంప్యూటర్ లేచింది. అతడు ఆమెను పక్కకు నెట్టి, ఆమె కళ్లెదుటే మోడ్ మార్చాడు. లేచింది. తిరిగి మార్చాడు. మళ్లీ లేచింది.

"మారుస్తున్నది మీరేనని నాకు తెలుసు" అంది ఆమె.

బెల్టు బకిల్ ఆమె కనుబొమను చీల్చింది. రెండో దెబ్బ మెడ మీద పడింది. మూడోది ఎక్కడ తగిలిందో ఆమెకు గుర్తులేదు. అతడు పెట్టెను తీగలతో సహా పెకలించి పైకెత్తాడు. తలకు అడ్డం పెట్టిన కుడి మణికట్టు మీద అది పడింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న అత్తగారికీ వినపడింది.

"ఇప్పుడు నిజంగానే పాడుచేసింది" అందావిడ.

ఆమె ఆసుపత్రికి కాక నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లింది. అక్కడి అధికారి చెడ్డవాడు కాదు. మణికట్టు, కనుబొమ, బెల్టు కేసుకు చాలునన్నాడు. కంప్యూటర్ సంగతి రాస్తే చదివేవాళ్లకు నవ్వులాటగా ఉంటుందన్నాడు. విరిగిన ఎముకను చట్టం చూడగలదు. తన చేతులంటే తనకే భయం పుట్టేలా ఒక మనిషిని మూడేళ్లపాటు నలగగొట్టడాన్ని చూడలేదు. చూడలేనని చేతులు కడుక్కునే హక్కు దానికి ఎవరిచ్చారు?

"మోడ్ మార్చిన ప్రతిసారీ రాయండి. రాయకపోతే నేను సంతకం పెట్టను."

"ముందు ఆసుపత్రికి వెళ్లమ్మా. చెయ్యి ఎలా వాచిందో చూడు."

ఆమె కదలలేదు. ఆయన భోజనం చేసి వచ్చేసరికి, విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని అదే బెంచీ మీద ఉంది. కనుబొమ మీద రక్తం అట్టకట్టింది. చివరకు రాశాడు: ఏం మార్చాడు, ఎన్నిసార్లు, ప్రతిసారీ ఆ తర్వాత ఏం జరిగింది. ఆమె మొత్తం చదివి, 'భార్య పొరపాటువలన' అన్న రెండు మాటలనూ కొట్టివేయించింది. ఆయన వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపాడు. ఆమె దాన్ని వెనక్కు నెట్టి, ఎడమచేత్తో కలం అందుకుంది. సంతకం వంకరటింకరగా, గీత దాటి వచ్చింది. చెల్లుతుంది.