మా గేటు ముందు దీక్ష

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు జనగామలో మా ఇంటి గేటు ముందు శామియానా కట్టడం పూర్తయింది. టైము ఎందుకు గుర్తుందంటే, కట్టినవాళ్లే నన్ను అడిగారు. దీక్ష ఎన్నింటికి మొదలైందో బోర్డు మీద రాయాలట. గడియారం చూసి చెప్పాను.

వాళ్లు పెద్దవంగర పక్కన ఒక ఊరి నుంచి ట్రాలీ ఆటోలో వచ్చారు. ఆ ఊరి సబ్‌సెంటర్‌లో నా భార్య ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసింది. సూదులు వేయడం, గర్భిణులను చూడటం, కాన్పులు చేయడం ఆమె పని. అందరూ నర్సమ్మ అనేవారు. యాభై ఒకటో ఏట, ఇంకా సర్వీసు ఉండగానే, రిటైర్మెంటు తీసుకుంది. తీసుకుంది అనడం కంటే నేను తీసుకునేలా చేశాను అనడం నిజం. ఆమె గుండె బలహీనంగా ఉందనీ, నిద్ర చెడగొట్టుకోవద్దనీ, బరువులు మోయవద్దనీ హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. కాన్పులు మన వీలు చూసి రావు. దరఖాస్తు నేను రాశాను, ఆమె సంతకం పెట్టింది. నేను అప్పటికే కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరై ఉన్నాను. ఇద్దరం జనగామ ఇంటికి వచ్చేశాం. ఆమె ఇంకొన్నేళ్లు ఉండాలన్నది తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

ఇంట్లో ఉన్న ఏడు నెలల్లో ఆమె నా పుస్తకాలను ఎత్తును బట్టి సర్దింది. వీధిలో ఏ పిల్లవాడికి ఏ టీకా ఎప్పుడు వేయించాలో, వాళ్లు అడగకముందే వెళ్లి చెప్పి వచ్చేది. కొందరు తలుపు వేసుకునేవారు.

ఆమె స్థానంలో ఆ ఊరికి ఎవరూ రాలేదు. ముందుగా రిటైరైన నర్సులు ఇష్టముంటే కాంట్రాక్టు మీద మళ్లీ చేరవచ్చని జిల్లా ఆఫీసు ఉత్తరాలు పంపింది. మాకు వచ్చినదాంట్లో మొగుళ్లపల్లి అని ఉంది. "ఆడ నాకెవలు తెల్సు" అని ఆమె దాన్ని మడిచి అల్మారాలో పెట్టింది. చించలేదు. తర్వాత పెద్దవంగర వైపు నుంచి, ఆ సబ్‌సెంటర్‌ను చూసే కుర్ర డాక్టరు ఫోన్ చేసి, మీ అనుభవం వృథా అవుతోంది మేడం, మీ పాత ఊరికే రండి అన్నాడు. ఆమె "సారును అడుగుండ్రి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను కుదరదన్నాను. ఆ ఊరి మాజీ సర్పంచ్ రెండుసార్లు వచ్చి అడిగాడు. రెండుసార్లూ టీ ఇచ్చి పంపాను. మూడోసారి టెంటుతో వచ్చాడు.

అప్పట్లో ఏది కావాలన్నా అదే పద్ధతి. రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసి రోజుకు కొందరు చొప్పున రిలే నిరాహార దీక్షలకు కూర్చుంటున్నారు. ఆ ఊళ్లో తెలంగాణ దీక్షకు ఒక్కరోజు సెలవిచ్చి, అదే శామియానా, అదే బ్యానరు తెచ్చారు. బ్యానరు కింద తెల్ల కాగితం అంటించి ఉంది: మా నర్సమ్మను మాకు ఇయ్యాలె. ఎవరు ఇవ్వాలో రాయలేదు. గేటు మీద మాత్రం నా పేరే ఉంది.

"గిదేం పని సర్పంచ్ సాబ్?" అన్నాను.

"ఏం జెయ్యాలె సారూ. ఢిల్లోల్లు ఇంటలేరు, మీరు ఇంటలేరు. ఇద్దరికీ ఒక్కటే మందు."

"నన్ను ఢిల్లీతోని పోలుస్తున్నవా?"

"లేదు సారూ. ఢిల్లీ దూరం. మీరు ఆటోకు అందుతరు."

ఐదుగురు కూర్చున్నారు. అందులో ఒక అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. ఆమె ఇద్దరు మనవరాళ్లూ నా భార్య చేతుల్లోనే పుట్టారు. పదకొండుకల్లా వీధిలో పోయేవాళ్లు ఆగడం మొదలుపెట్టారు. టెంటు ఉంటే అది తెలంగాణ కోసమే అని అందరి లెక్క. కోర్టును బహిష్కరించిన వకీళ్లు నల్ల కోట్లతో ఊరేగింపుగా వచ్చి ఐదుగురికీ దండలు వేశారు. వాళ్లలో పెద్దాయన నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో ఎవరో చెవిలో ఏదో చెప్పారు. ఆయన కింది కాగితం చదివి, గొంతు తగ్గించకుండానే ముగించాడు.

"మన నీళ్లు మనకు గావాలె! మన కొలువులు మనకు గావాలె! మన నర్సమ్మ మనకు గావాలె!"

చప్పట్లు బాగా పడ్డాయి. మూల మీది కిరాణా సేటు నా దగ్గరికి వచ్చి, "దుకాణం బంద్ వెట్టాల్నా సారూ? పెడితే జర ముందుగాల చెప్పుండ్రి" అన్నాడు. తెరిచే ఉంచమన్నాను.

నా భార్య లోపల చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. బయటికి రాలేదు. కిటికీ మాత్రం వేయలేదు.

ఒంటిగంట దాటాక అవ్వ చెమటలు పట్టి, పక్కామె మీద ఒరిగిపోయింది.

"డాక్టర్‌ను పిలువుండ్రి!" అన్నాడు పెద్ద వకీలు.

"డాక్టరెందుకు, నర్సమ్మ ఇంట్లనే ఉన్నది గద."

"ఆమె కోసమే గదరా దీక్ష?"

"అయితేంది, బీపీ సూడొద్దా?"

వాళ్లు తేల్చుకునేలోపే ఆమె బీపీ మిషను పట్టుకుని బయటికి వచ్చింది. అవ్వ చెయ్యి పట్టుకుని చూసింది.

"అవ్వా, పొద్దున షుగర్ గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న బిడ్డా. ఏ దినం ఇడ్వద్దని నువ్వే జెప్తివి గద."

"తిని ఏసుకొమ్మన్న. ఉపాసముండి ఏసుకొమ్మన్ననా?"

"తింటే దీక్షెట్లయితది?"

ఆమె లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో వచ్చి, అవ్వ తల ఎత్తిపట్టి మెల్లగా తాగించింది. టెంటు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఎవరో జై తెలంగాణ అన్నారు. దీక్షకు దిగినవాళ్లకు, డిమాండు ఒప్పుకున్నవాళ్లు వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. రోజూ పేపర్లో ఆ ఫోటో ఉండేది. ఇది తెలియనివాళ్లు అప్పుడు జనగామలో లేరు.

"ఒప్పుకున్నట్టే గద నర్సమ్మా?" అన్నాడు మాజీ సర్పంచ్.

"ముందుగాల ఈమెకింత అన్నం వెట్టనియ్యుండ్రి" అంది.

లేదని మాత్రం అనలేదు. రెండింటికి అవ్వ తేరుకుంది, శామియానా విప్పేశారు. నేను వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద పిండేసిన నిమ్మ చెక్కలు రెండు ఉన్నాయి.

"షుగర్ పడిపోతే చక్కెర నీళ్లు సరిపోవా?" అన్నాను.

"సరిపోతయి."

"మరి నిమ్మకాయ ఎందుకు పిండినవు?"

ఆమె గ్లాసు కడుగుతోంది. "ఉత్త చక్కెర నీళ్లు ఎట్ల తాగుతది, వాంతికి రాదా?"

"హైదరాబాద్ డాక్టరు ఏం చెప్పిండో మర్చిపోయినవా?"

"మర్వలే. ఇంట్ల కూసుంటే ఏం గాదని గూడ ఆయన రాసియ్యలే గద." గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుంది. "దరఖాస్తు మీరే రాయుండ్రి. మీ దస్తూరి మంచిగుంటది."

రాశాను. రాత్రి పని చెప్పరాదు అని ఒక షరతు కలిపాను. కుర్ర డాక్టరు దాని కింద సంతకం పెట్టాడు. నొప్పులు మాత్రం వచ్చినప్పుడే వచ్చేవి. నెల తర్వాత నేనూ ఇల్లు తాళం వేసి ఆ ఊరికి వెళ్లిపోయాను. ఆమె ఎక్కడికి వెళ్లినా బ్యాగు నేను మోసేవాణ్ని. డాక్టరు చెప్పినవాటిలో నా చేతిలో ఉన్నది అదొక్కటే.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాల్చారు. సబ్‌సెంటర్ లోపల ఒక పిల్ల నొప్పులు పడుతోంది. ఆమె బయటికి వచ్చి, "ఇన్నేండ్లు ఆగినోల్లు ఇంకో గంట ఆగలేరా, అటు పోయి కాల్సుండ్రి" అని అందరినీ చెరువు కట్ట వైపు తోలింది.

మరుసటి ఏడు వానకాలంలో, వరండాలో కూర్చుని రిజిస్టరు రాస్తుంటే ఆమెకు ఆయాసం వచ్చింది. వరంగల్ దవాఖానలో నాలుగో రోజు పోయింది. జనగామలోనే ఉండి ఉంటే ఇంకా బతికేదా అని అక్కడి డాక్టరును అడగలేదు. అవునంటే ఏం చేయాలో, కాదంటే ఏం చేయాలో నాకు తెలియదు.

కర్మ అయిపోయాక మాజీ సర్పంచ్ వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు, "ఇంకెవరన్న రిటైరైన నర్సుంటే చెప్పు సారూ. పోయి కూసుంటం" అన్నాడు. నా భార్యతో కలిసి శిక్షణ పొందినామె భూపాలపల్లిలో ఉందని చెప్పాను. వెళ్లారు. ఆమె భర్త గేటు తీయలేదట. తప్పు పట్టలేను.

ఇప్పుడు నెలలు నిండే ముందే అంబులెన్సు వచ్చి ఆడవాళ్లను తొర్రూరుకో మహబూబాబాద్‌కో తీసుకుపోతుంది. అక్కడ డాక్టర్లు ఉంటారు, రక్తం దొరుకుతుంది. అదే మంచిది. ఆమె పనిచేసిన గదిలో బ్లీచింగ్ పౌడరు సంచులు పెట్టారు. ఆ ఊళ్లో ఇప్పుడు కాన్పులు చేయడం లేదు.